స్టోరు బియ్యం, సన్నబియ్యం

కృష్ణా డెల్టాలో కోడూరు వైపు రేషన్ కార్డున్న ఇళ్లలో తరచు రెండు రకాల బియ్యం కనిపిస్తాయి. స్టోరు బియ్యం దోసెల పిండికీ, కోళ్లకూ. అన్నానికి మాత్రం డబ్బు పెట్టి కొన్న సన్నబియ్యం. ఊరికే వచ్చినదాన్ని పక్కనబెట్టి కొనుక్కు తినడం దుబారా అనేవాళ్లున్నారు. ఈ డెల్టా ఏ దారిన ఇక్కడికి వచ్చిందో తెలిస్తే ఆ మాట అనబుద్ధి కాదు.

1832-33లో, నందన నామ సంవత్సరంలో వచ్చిన కరువుకు గుంటూరు ప్రాంతంలో సుమారు 5 లక్షల జనాభాలో 2 లక్షల దాకా పోయారని అంచనా. బందరు వైపూ ఆ దెబ్బ తగిలింది. గింజ ధర ఆకాశానికెక్కిన నెలల్లోనే పొలంలో పని పోయి కూలి ఆగిపోయింది. తిండి ప్రియమైతే జనం ముందుగా మానుకునేది కొత్త బట్ట. అందుకని కరువు రైతుకూలీతో ఆగదు, మగ్గాల ఇళ్లలోకీ వస్తుంది. ఇంగ్లండు మరబట్ట చవగ్గా దిగడంతో ఆ నేతగాళ్లు అప్పటికే నలిగిపోతున్నారు. చవక బట్ట కట్టుకున్నవాడికి నాలుగు డబ్బులు మిగిలాయి, నేసినవాడికి పూటకూడు పోయింది. ధర తగ్గడం అందరికీ మేలన్న మాట బందరులో చెల్లదు.

1852-55 మధ్య బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట కట్టాక కాలువల వెంట వరి విస్తరించింది. ఆనకట్ట పూర్తయిన రెండేళ్లకు, 1857లో, జర్మనీలో ఎర్నెస్ట్ ఎంగెల్ అనే గణాంకవేత్త బెల్జియం కార్మికుల ఇంటి ఖర్చుల లెక్కలు తీసి ఒక సంగతి తేల్చాడు: రాబడి పెరిగేకొద్దీ అందులో తిండికి పోయే వాటా తగ్గుతుంది. తిండి తగ్గుతుందని కాదు, దాని వాటా తగ్గుతుందని.

డెల్టాలో అది కళ్లకు కట్టడానికి శతాబ్దం పైనే పట్టింది. 1982లో మారుటేరు నుంచి స్వర్ణ, 1986లో బాపట్ల నుంచి సాంబమసూరి వరి రకాలు వచ్చాయి. రైతులు బీపీటీ 5204 అనే సాంబమసూరి సన్నబియ్యానికి మారుపేరైంది.

ఆ రెండింటి నడుమే వచ్చింది కిలో రెండు రూపాయల రేషన్ బియ్యం. నిమ్మకూరులో పుట్టి, గుడివాడ నుంచీ పోటీ చేసి గెలిచిన ఎన్టీ రామారావు 1983లో దాన్ని అమల్లోకి తెచ్చారు. తరవాత ధర కిందా మీదా అయింది: 1996లో 3.50, 2008లో మళ్లీ 2, 2011లో 1 రూపాయి, 2023 జనవరి నుంచి ఉచితం. అంకె ఒకటే అయినా 2008 నాటి 2 రూపాయలు 1983 నాటివి కావు. పాతికేళ్లలో కూలి ఎన్నో రెట్లు పెరిగింది. మొదటిసారి ఆ ధర కడుపు నింపింది. రెండోసారి వచ్చేసరికి చాలా ఇళ్లలో కూరకూ పాలకూ చేతిలో కాస్త మిగిల్చింది.

చైనాలోనూ ఇలాంటిదే జరిగింది. హునాన్ రాష్ట్రంలో పేద కుటుంబాలకు బియ్యం ధర తగ్గిస్తే వాళ్లు బియ్యమే తక్కువ తిన్నారని ఆర్థికవేత్తలు జెన్సెన్, మిల్లర్ 2008లో ప్రచురించారు. మిగిలిన డబ్బు తాము ఇష్టపడే వేరే తిండి మీదికి మళ్లింది. పేదవాడికి నోటి రుచి ఉండకూడదనుకునేవాళ్లకు ఇది వింతగా తోస్తుంది.

దేశమంతటి లెక్కలూ ఆ దారినే ఉన్నాయి. 1999-2000లో గ్రామీణ కుటుంబం ఖర్చులో తిండి వాటా 59 శాతం, 2022-23లో 46. ధాన్యాల వాటా అయితే 22 శాతం నుంచి 5కు పడిపోయింది. ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో 2022-23లో తలసరి నెల ఖర్చు 4,870 రూపాయలు. పాలు, గుడ్లు, మాంసం, సెల్‌ఫోను, పిల్లల బడి ఇప్పుడు అన్నంతో పోటీ పడుతున్నాయి.

అయినా బియ్యం ధరను ఇల్లాలు మరిచిపోలేదు. 2022 జూలై 18 నుంచి 25 కిలోల దాకా ముద్ర వేసిన బియ్యం సంచులపై 5 శాతం జీఎస్టీ పడింది. కొద్ది రోజుల్లోనే కొట్లలోకి 26 కిలోల బస్తా వచ్చింది. ఆ ఒక్క కిలో ఎక్కువ ఉంటే పన్ను పడదు. సన్నాలు కొనే ఇళ్లు నేటికీ ఆ బస్తానే తెచ్చుకుంటున్నాయి.