పుట్టగానే బిడ్డకు... ఇరవై ఒక్కేళ్లకు అమ్మానాన్నలకు

పిడుగురాళ్లలో సున్నపు బట్టీల మీద సంపాదించినవాళ్లూ, మిర్చి, పత్తి పండించినవాళ్లూ పిల్లల్ని అమెరికా చదువులకు పంపడం ఇప్పుడు వింతేమీ కాదు. అక్కడినుంచి కానుపు కబురు వస్తే స్వీట్లతో పాటు ఒక ప్రశ్న కూడా బంధువుల్లో తిరుగుతుంది. “మనవడు అక్కడే పుట్టాడుగా, ఇక అల్లుడికీ అమ్మాయికీ గ్రీన్‌కార్డు వచ్చినట్టేగా?”

రాదు. బిడ్డ పుట్టగానే అమెరికా పౌరుడు. అమ్మానాన్నలు మాత్రం అంతకుముందు ఏ వీసా మీద ఉన్నారో ఆ వీసా మీదే ఉంటారు. పురుడు పోయడానికి విజిటర్ వీసాపై వెళ్లిన అమ్మమ్మకైతే మనవడి పౌరసత్వంతో పనే లేదు. ఆమెకు గ్రీన్‌కార్డు ఇప్పించాల్సింది పౌరసత్వం వచ్చిన కూతురో కొడుకో. బిడ్డ హక్కుకూ పెద్దల హక్కుకూ మధ్య ఈ ఎడం నిన్నమొన్నటిది కాదు.

వంటవాడి దావా

బానిసత్వం నుంచి విముక్తులైన నల్లజాతివారి పౌరసత్వానికి తిరుగులేకుండా చేసేందుకు 1868లో అమెరికా రాజ్యాంగానికి, అక్కడ పుట్టినవారు పౌరులేననే 14వ సవరణ తెచ్చారు. అది వలస వచ్చినవారి పిల్లలకూ వర్తిస్తుందా? ఈ ప్రశ్నను కోర్టుకు తెచ్చినవాడు వాంగ్ కిమ్ ఆర్క్ అనే వంటవాడు. శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనా దంపతులకు పుట్టాడు. చైనా వెళ్లి 1895లో తిరిగొస్తే, నువ్వు పౌరుడివి కావంటూ ఓడరేవులోనే ఆపేశారు. 1898 మార్చి 28న సుప్రీంకోర్టు 6–2 మెజారిటీతో అతని పక్షాన తీర్పిచ్చింది. ఆ తీర్పుతో కొడుకు పౌరుడయ్యాడు. చైనీయులకు పౌరసత్వం ఇవ్వకూడదన్న చట్టం మాత్రం అతని తల్లిదండ్రుల తరానికి అలాగే ఉండిపోయింది.

పిల్లల పేరున పొలం

మనవాళ్లకూ అదే గతి పట్టింది. పౌరసత్వానికి అర్హత లేనివాళ్లు భూమి కొనకూడదని 1913లో కాలిఫోర్నియా చట్టం చేసింది. భారతీయులు ‘శ్వేతజాతి’ కిందికి రారు కాబట్టి పౌరసత్వానికి అనర్హులని 1923 ఫిబ్రవరి 19న భగత్‌సింగ్ థింద్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఇంపీరియల్ లోయలో సేద్యం చేస్తున్న పంజాబీ రైతుల్లో చాలామంది మెక్సికన్ స్త్రీలను పెళ్లాడారు. వాళ్లకు పుట్టిన పిల్లలు పౌరులే. దాంతో కొందరు పొలాన్ని పిల్లల పేర రాయించి, సంరక్షకులుగా తామే దున్నుకున్నారు. పౌరుడైన బిడ్డ ఆస్తికి విదేశీ తండ్రి సంరక్షకుడిగా ఉండొచ్చని కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ఒక జపాన్ కుటుంబం కేసులో 1922లోనే చెప్పింది. పిల్లల పేర రిజిస్ట్రేషన్ చేయించడం ఎరిగిన పల్నాటి రైతుకు ఈ కిటుకు ఇట్టే అర్థమవుతుంది. బిడ్డ వల్ల అమ్మానాన్నలకు అప్పట్లో దక్కింది పొలం మీద పట్టు. పౌరసత్వం కాదు.

1946లో లూస్–సెల్లర్ చట్టం వచ్చాకే భారతీయులకు పౌరసత్వపు తలుపు తెరుచుకుంది. అదీ ఏడాదికి సుమారు వంద మంది వలస కోటాతో. భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు 1920లలో వెళ్లి, 1948లో అక్కడే కన్నుమూసేనాటికీ అమెరికా పౌరుడు కాలేదు.

21 అనే గీత

1965 అక్టోబర్ 3న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకం చేసిన వలస చట్టం పౌరుల తల్లిదండ్రులను కోటా లెక్క నుంచి తప్పించింది. కానీ దరఖాస్తు పెట్టే బిడ్డకు 21 ఏళ్లు నిండి ఉండాలంది. ఈనాటికీ నిబంధన అదే. పైగా పోషణ హామీ ఇవ్వాలి. పేదరిక పరిమితికి 125 శాతం ఆదాయం చూపాలి. కాలేజీ పిల్లాడికి అంత ఉండదు కాబట్టి వేరొకరిని హామీదారుగా వెతుక్కోవాలి. మరోవైపు ఉద్యోగాల కోటా ఏడాదికి 1,40,000 గ్రీన్‌కార్డులు. అందులో ఏ దేశానికైనా 7 శాతమే. ఈ వరుసలో మనవాళ్లు ఎన్నేళ్లు నిలబడుతున్నారంటే, కొన్ని ఇళ్లలో తండ్రి వంతుకంటే బిడ్డ 21వ ఏడే ముందొచ్చేలా ఉంది.

బిడ్డ ద్వారా పెద్దలకు దారి ఇచ్చిన దేశాలు ఆ దారిని ఇరుకు చేసిన సందర్భాలూ ఉన్నాయి. ఐర్లండ్‌లో పుట్టిన పిల్లల తల్లిదండ్రులు ఒకప్పుడు నివాస హక్కు పొందేవారు. 2003లో అక్కడి సుప్రీంకోర్టు అది ఆటోమేటిక్ హక్కు కాదంది. 2004 జూన్ 11 రెఫరెండంలో సుమారు 79 శాతం మంది, పుట్టుకతో వచ్చే పౌరసత్వానికే కత్తెర వేయడానికి ఓటేశారు. అప్పటికే పిల్లలున్న 16,000 మందికి పైగా తల్లిదండ్రులను 2005లో ప్రత్యేక పథకం కింద ఉండనిచ్చారు. మనమూ తక్కువ తినలేదు. 1987 జులై 1 నుంచి భారత్‌లో పుడితే చాలదు, తల్లిదండ్రుల్లో ఒకరైనా భారతీయులై ఉండాలి. 2004 డిసెంబర్ 3 నుంచి ఆ రెండోవారు అక్రమ వలసదారు కాకూడదు కూడా.

అమెరికాలో 2025 జనవరి 20న ట్రంప్ ఇచ్చిన ఉత్తర్వు హెచ్–1బీ, స్టూడెంట్ వీసా కుటుంబాలకు పుట్టే పిల్లల పౌరసత్వానికే ఎసరు పెట్టింది. గడువు ఫిబ్రవరి 19. సరిగ్గా థింద్ తీర్పు వచ్చిన తేదీ. నెలలు నిండకుండానే ఆపరేషన్ చేయమని కొందరు దంపతులు డాక్టర్లను అడుగుతున్నారని అప్పట్లో పత్రికలు రాశాయి. గడువు రాకముందే కోర్టులు ఉత్తర్వును ఆపాయి. వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

ఈ చట్టాల తమాషా తెలియాలంటే, పెద్దబిడ్డ ఇక్కడా రెండోబిడ్డ అక్కడా పుట్టిన ఇంటిని చూడాలి. తండ్రి గ్రీన్‌కార్డు తేలకపోతే 21 నిండగానే పెద్దబిడ్డకు డిపెండెంట్ వీసా పోతుంది. సొంతంగా స్టూడెంట్ వీసా తెచ్చుకోవాలి, లేదా తిరిగి రావాలి. అదే 21 నిండితే రెండోబిడ్డ అమ్మానాన్నలకు దరఖాస్తు పెట్టగలడు. తోబుట్టువుకూ పెట్టొచ్చు గానీ ఆ వరుస పదేళ్లకు పైమాటే. చిన్నవాడి పాస్‌పోర్టు చూసి నిశ్చింతగా ఉన్న తండ్రి, పెద్దదాని వయసునూ, గ్రీన్‌కార్డు వరుసలో తన స్థానం చెప్పే ప్రయారిటీ డేట్‌నూ పక్కపక్కన పెట్టి లెక్క వేసుకోవాలి. ఆ ఇంటికి అసలు గడువు అదే.