చలికాలం టైర్లు: ఒక మేకు చెప్పిన చరిత్ర

మన సంఘం పిల్లలు కొందరు ఇప్పుడు చలిదేశాల్లో ఉద్యోగాలు చేస్తున్నారు. నవంబరులో మనం ఫోన్ చేస్తే "టైర్లు మార్పించడానికి వచ్చాం, తర్వాత మాట్లాడతాం" అంటారు. ఏప్రిల్‌లో మళ్లీ అదే మాట. హోసూరులోనైనా బళ్లారిలోనైనా, బరంపురంలోనైనా యానాంలోనైనా మనం టైరు అరిగితేనో పగిలితేనో మారుస్తాం. బాగున్న టైర్లు విప్పి పక్కన పెట్టడం మనకు దండగ ఖర్చులా కనిపిస్తుంది. కానీ ఈ అలవాటు వెనక పెద్ద చరిత్రే ఉంది.

ముందు కారణం చూద్దాం. మామూలు టైరులోని రబ్బరు సుమారు 7 డిగ్రీల కంటే చలి ముదిరితే గట్టిపడి రోడ్డు మీద పట్టు కోల్పోతుంది. చలికాలం టైరు రబ్బరు ఆ చలిలోనూ మెత్తగా ఉంటుంది. దాని మీద సన్నని గాట్లు ఎక్కువగా ఉండి మంచును పట్టుకుంటాయి. అదే టైరును ఎండాకాలంలో వాడితే త్వరగా అరుగుతుంది, బ్రేకు వేసినా బండి ఆలస్యంగా ఆగుతుంది. అందుకే రెండు జతలు.

మొదట్లో మంచులో బండి నడపాలంటే చక్రాలకు తాళ్లు చుట్టేవారు. అమెరికాలో హ్యారీ వీడ్ అనే ఆయన టైరు గొలుసులకు 1904లో పేటెంట్ పొందాడు. గొలుసులు మంచులో పనికొస్తాయి గానీ, వాటితో వేగంగా పోలేం. ఫిన్లాండ్‌లో నోకియా ఊరి రబ్బరు ఫ్యాక్టరీ 1934లో లారీల కోసం ప్రత్యేకంగా చలికాలం టైరు తయారుచేసింది. ప్రపంచంలో మొదటి చలికాలం టైరుగా దాన్నే చెబుతారు. 1936లో కార్ల కోసం 'హక్కాపెలీట్టా' వచ్చింది. ముప్పై ఏళ్ల యుద్ధంలో స్వీడన్ రాజు తరఫున పోరాడిన ఫిన్లాండ్ ఆశ్వికుల పేరు అది.

గడ్డకట్టిన నున్నటి మంచు మీద ఆ టైరు కూడా జారేది. అందుకని 1960ల నాటికి టైరులో గట్టి లోహపు మేకులు దిగ్గొట్టడం వ్యాపించింది. బండిలో ఉన్నవారికి ధైర్యం వచ్చింది. కానీ మంచు లేని చోట ఆ మేకులే రోడ్డును గీకేశాయి. కెనడాలోని ఒంటారియో 1971లో, పశ్చిమ జర్మనీ 1975లో వాటిని నిషేధించాయి.

అసలు పాఠం జపాన్‌లో ఉంది. సెండాయ్ నగరంలో చలి ఎక్కువే, కానీ మంచు ఎప్పుడూ పేరుకుని ఉండదు. వేలాది బండ్ల మేకులు ఉత్త తారురోడ్డును రాస్తుంటే 1980లలో నగరమంతా దుమ్ము కమ్మేసింది. తన బండి జారకూడదని ఒకరు వేయించుకున్న మేకు, రోడ్డు పక్కన నడిచేవారి ఊపిరిలోకి దుమ్మై చేరింది. జనం ఊరుకోలేదు. చివరికి 1990లో ఆ దుమ్మును అరికట్టడానికే ప్రత్యేకంగా చట్టం వచ్చింది. అత్యవసర వాహనాలకు మినహాయింపు ఇచ్చారు. ఈలోగా మేకులు లేకుండానే మంచును పట్టుకునే మెత్తటి రబ్బరు టైర్లు తయారయ్యాయి. బ్రిడ్జ్‌స్టోన్ వారి 'బ్లిజాక్' 1988లో వచ్చింది.

దాంతో కథ అయిపోలేదు. మేకులు పోయాక సప్పోరో నగరంలో కూడళ్ల దగ్గర మంచు అరిగి అరిగి అద్దంలా నున్నగా తయారైంది. ఇప్పుడు అక్కడ రోడ్డు పక్కన పెట్టెల్లో ఇసుక సంచులు పెడుతున్నారు. నడిచి పోయేవారే ఒక సంచి తీసి, దారి మీద చల్లి ముందుకు పోతారు. ఆ ఇసుక వాళ్లకంటే వెనక వచ్చేవారికే ఎక్కువ ఉపయోగం.

మిగతా దేశాలూ టైర్ల సంగతిని ఎవరిష్టానికి వారిని వదిలేయలేదు. స్వీడన్ 1999 నుంచి, క్యూబెక్ 2008 నుంచి, జర్మనీ 2010 నుంచి చలికాలం టైర్లకు చట్టం పెట్టాయి. స్వీడన్‌లో డిసెంబరు 1 నుంచి మార్చి 31 దాకా, మంచు రోడ్లున్నప్పుడు, అవి తప్పనిసరి. క్యూబెక్‌లో వాతావరణంతో పని లేదు, తేదీ వస్తే మార్చాల్సిందే. అప్పటికే చాలామంది సొంతంగా మార్చుకునేవారు. చట్టం మిగిలినవారి కోసం వచ్చింది. ఎందుకంటే ఒక్క బండి జారినా, అది గుద్దేది ఎదుటి బండినే.

అందుకే కొత్తగా చలిదేశానికి వెళ్లే మన పిల్లలు సెకండ్ హ్యాండ్ కారు కొంటే, రెండో జత టైర్ల డబ్బు కూడా లెక్కలో వేసుకోమని చెబుదాం. "మా నాయన ఇరవై ఏళ్లు ఒకే టైర్లతో నడిపాడు" అన్న మాట అక్కడ చెల్లదు. మన పెద్దలూ ఊరు దాటి వచ్చినప్పుడు ఇంట్లో తెలుగు నిలుపుకున్నారు, వీధిలో అక్కడి భాష, అక్కడి మర్యాద నేర్చుకున్నారు. బండి మనదే. రోడ్డు మాత్రం అందరిదీ.