బొంబాయి వాటాల వెర్రి

ధనమార్జించుట పాపమని మన పెద్దలు చెప్పలేదు. పురుషార్థములలో అర్థమునకును స్థానమిచ్చిరి. కాని ధనమును పెంచుకొనుటకును, దానిని పందెమొడ్డుటకును గల భేదమును మరచినవాడు ఎంతటి బుద్ధిమంతుడైనను చెడును. 1865వ సంవత్సరమున బొంబాయి నగరము ఈ సత్యమును మిక్కిలి వెలయిచ్చి నేర్చుకొనెను.

1861లో అమెరికాలో అంతర్యుద్ధము ప్రారంభమయ్యెను. ఉత్తర రాష్ట్రముల నౌకలు దక్షిణ రాష్ట్రముల రేవులను నిరోధింపగా, లంకాషైరు మిల్లులకు ప్రత్తి కరవయ్యెను. ఇంగ్లండు వర్తకులు మన దేశపు ప్రత్తికై ఎగబడిరి. దాని ధర పలురెట్లు పెరిగెను. బొంబాయి రేవునకు వెండి బంగారములు వచ్చిపడెను. ఇంతవరకు జరిగినది వర్తకమే.

అట్లు వచ్చిన ధనమునకు పని కావలసివచ్చెను. బ్యాంకులు, ఫైనాన్సు కంపెనీలు, సముద్రమును పూడ్చి నేల తీయు కంపెనీలు పుట్టగొడుగులవలె లేచెను. బ్యాక్‌బే పూడిక కంపెనీవారి 5,000 రూపాయల వాటా 50,000 రూపాయల వరకు ప్రాకెను. ప్రేంచంద్ రాయ్‌చంద్ అను దళారి మాటయే అంగడికి శాసనమయ్యెను. వాటాల కుదువపై అప్పిచ్చుట పూర్వము బొంబాయి బ్యాంకునకు నిషిద్ధము; 1863 నాటి చట్టము ఆ కట్టు విప్పెను. బ్యాంకు వాటాలపై అప్పిచ్చెను. ఆ యప్పుతో జనులు మరల వాటాలే కొనిరి. ధర పెరిగినందున అప్పు పుట్టెను. అప్పు పుట్టినందున ధర పెరిగెను.

దీనికి తోడు వాయిదా బేరము. నేడు సొమ్ము చెల్లింపనక్కరలేదు. 1865 జూలై 1వ తేదీన ఇంత ధరకు పుచ్చుకొందునని మాట యిచ్చిన చాలును. నాటికి ధర హెచ్చినచో భేదము లాభము. తగ్గినచో భేదము చెల్లింపవలెను. చేత వేయి రూపాయలు లేనివాడు సైతము లక్షలకు మాట యిచ్చెను.

1865లో అమెరికా యుద్ధము ముగిసెను. లక్షలాది ప్రాణములను బలిగొన్న యుద్ధము ఆగినదను వార్త లోకమునకు శుభవార్త. బొంబాయి అంగడికది చావుకబురు. పరుల క్షేమము తనకు కీడుగా తోచు స్థితికి మనుష్యుని తెచ్చుటయే ఈ వ్యసనమునందలి ఘోరము. ప్రత్తి ధర పడెను. వాటాల ధరలు కూలెను. జూలై 1 వచ్చినప్పుడు, ఒకడు చెల్లింపలేనందున అతనిని నమ్మినవాడును, వానిని నమ్మిన మరియొకడును వరుసగా దివాలా తీసిరి. బొంబాయి బ్యాంకు వాటా 2,850 రూపాయలనుండి 87 రూపాయలకు దిగెను. 1868 నాటికి ఆ బ్యాంకే అంతరించి, దాని స్థానమున క్రొత్త బ్యాంకు వెలసెను. ప్రేంచందు సంపదయు కూలెను. అతడు మంచి దినములలో విశ్వవిద్యాలయమునకిచ్చిన ధనముతో, తల్లి పేర 1878లో పూర్తియైన రాజాబాయి గోపురము మాత్రము నేటికిని నిలిచియున్నది. ఇచ్చినది మిగిలెను, ఒడ్డినది పోయెను.

ఇది గతించిన కథ యనుకొనరాదు. నాటి వాయిదా బేరమునకు బంధువులైన ఫ్యూచర్సు, ఆప్షన్సు నేడు చేతి ఫోనులోనికే వచ్చినవి. ఇప్పుడు హామీసొమ్ము ముందుగా కట్టవలెను; ఒకని దివాలా అందరిని ముంచకుండ కట్టుబాట్లున్నవి. కాని ఏ కట్టుబాటును ఒడ్డినవాని నష్టమును తీర్చదు. 2021-22 మొదలు మూడు ఆర్థిక సంవత్సరములలో ఈ బేరములాడిన వ్యక్తులలో నూటికి 93 మంది నష్టపోయిరనియు, వారి మొత్తము నష్టము 1.8 లక్షల కోట్ల రూపాయలకు మించెననియు సెబి 2024లో ప్రకటించెను.

వాటా కొనుట దోషము కాదు. మంచి పరిశ్రమలో తన మిగులుసొమ్ముతో భాగస్వామియై, ఏండ్ల తరబడి ఓర్పు వహించువాడు దేశమునకును తనకును మేలే చేయును. అయినను కొనుటకు ముందు గృహస్థు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఈ సొమ్ము నాదా, అప్పుదా? ఇది పోయినను పిల్లల చదువు, పెద్దల వైద్యము సాగునా? ఈ సంగతి ఇల్లాలికి తెలియునా? మూడవ ప్రశ్నకు జంకువాడు మొదటి రెంటికిని నిజము చెప్పుకొనియుండడు.

తన్నోడి నన్నోడెనా, నన్నోడి తన్నోడెనా యని ద్రౌపది అడిగినది జూదము ముగిసిన పిమ్మట. మన యిండ్లలో ఆ ప్రశ్న పాచిక వేయకముందే వినబడవలెను.