ఏ వ్యక్తియైనను... చెల్లదు



పర్ణశాలకు వచ్చే యాత్రికులు గోదావరిలో స్నానం చేసి, సీతమ్మవారి నారచీరల గుర్తులు చూసి, లక్ష్మణరేఖను గురించి అడుగుతారు. ఆ రేఖ వాల్మీకంలో లేదని చెబితే చిన్నబుచ్చుకుంటారు. దాటరాదు అనే నిషేధం మాత్రం జనం మనసులో చెరగకుండా నిలిచింది. ఈ ప్రాంతంలోనే మరొక గీత ఉన్నది. అది ఒక ఆంగ్ల వాక్యం.

భద్రాచలం తాలూకా 1874లో మధ్యపరగణాల నుండి మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు వచ్చింది. 1917లో ఆ ప్రభుత్వం ఏజెన్సీ భూముల బదిలీపై చట్టం చేసింది. గిరిజనుడు తన భూమిని గిరిజనేతరునికి బదిలీ చేస్తే అది చెల్లదు; ఏజెంటు గాని, నియమిత అధికారి గాని ముందుగా లిఖితపూర్వకంగా సమ్మతిస్తే మాత్రం చెల్లుతుంది. 1959 నాటి ఒకటవ రెగ్యులేషన్ కూడ ఇంచుమించు ఆ అచ్చులోనే పోసినది. గీత గీసినవారే దానికొక తలుపు పెట్టారన్నమాట.

ఆంగ్లంలో ఈ వాక్యానికి ప్రాణం 'షల్' అనే సహాయక క్రియ. బడిలో మేము దానిని భవిష్యదర్థకమని చెప్పేవారము. చట్టంలో దానికి కాలంతో పని లేదు, అది శాసనం. 'చెల్లకపోవును' అని తెనిగిస్తే జోస్యంలా ఉంటుంది. 'చెల్లదు' అంటేనే అర్థం కుదురుతుంది.

1970లో ఈ వాక్యాన్ని సవరించారు. 'షల్' కదలలేదు, కర్త మారినాడు. 'షెడ్యూల్డు తెగకు చెందినవాడు' అని ఉన్నచోట 'ఎ పర్సన్' వచ్చింది. అతడు గిరిజనుడైనా కాకపోయినా సరే. అధికారి అనుమతి అనే తలుపు మూసుకున్నది. గిరిజనేతరుడు మరొక గిరిజనేతరునికి అమ్మినా చెల్లదన్నమాట. గిరిజనులకు, గిరిజనులే సభ్యులుగా గల సహకార సంఘాలకు చేసిన బదిలీ మాత్రమే చెల్లుతుంది.

ఇక్కడ తెలుగు పండితునికి ఒక చిక్కు. ఆంగ్లంలో నామవాచకం ముందు నిలిచే 'ఎ'కు మనకు సమానమైన మాట లేదు. 'ఒక వ్యక్తి' అంటే ఎవరో ఒక్కడని తోస్తుంది. చట్టం ఉద్దేశం అది కాదు. మన వ్యాకరణంలో ఆ, ఈ, ఏ అనే త్రికమున్నది కదా, అందులోని 'ఏ'ను తీసుకొని 'ఏ వ్యక్తియైనను' అనాలి. అప్పుడే వాక్యం అందరినీ పట్టుకుంటుంది.

అందరినీ అంటే ప్రభుత్వాన్ని కూడనా? అప్పటి విశాఖ జిల్లా అనంతగిరి ప్రాంతపు గనుల లీజుల విషయమై సమతా సంస్థ వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టుకు ఈ ప్రశ్నే ఎదురైంది. 1997 జూలైలో ముగ్గురు న్యాయమూర్తులలో ఇద్దరు, 'పర్సన్' అనే మాటలో ప్రభుత్వమూ ఇమిడి ఉన్నదని తేల్చారు. ప్రభుత్వం కూడ ఏజెన్సీ భూమిని గిరిజనేతరులకు లీజుకివ్వరాదన్నారు. కొండలు, గనులు, ఊళ్ళు ఆనాడు ఒక్క నామవాచకం మీద ఆధారపడి ఉన్నవి.

నా తప్పొకటి చెప్పి ముగిస్తాను. నేను ఉద్యోగంలో ఉండగా ఒక కోయ పెద్దాయన తన భూమి అర్జీకి వచ్చిన ఆంగ్ల జవాబు తెచ్చి చదవమన్నాడు. అందులో 'మే' అని ఉన్నది. 'పరిశీలింపవచ్చును' అని గంభీరంగా చెప్పి పంపాను. మరుసటి ఏడు వానలప్పుడు మళ్ళీ వచ్చి, "వచ్చునన్నరు గద సారూ, ఎప్పుడొస్తది?" అన్నాడు.

నేను సహాయక క్రియ చెప్పాను, ఆయన రాక విన్నాడు. 'చేస్తే చెయ్యొచ్చు, మానితే మానొచ్చు, అంతా వాళ్ళిష్టం' అని ఆ రోజే చెప్పి ఉంటే ఒక ఏడాది ఎదురుచూపు తప్పేది. వచ్చు, వలెను, రాదు, కూడదు: ముప్పై ఏళ్ళు ఈ మాటలను పాఠంగానే చెప్పాను. వాటి మీద ఒకరి చేను ఆధారపడి ఉంటుందని నాకు నేర్పినవాడు బడి మొహం చూడని ఆ పెద్దాయన.