సకార్యా ఒడ్డున 22 రోజులు

వెనక్కి తగ్గితే ఓడినట్టే అనుకుంటాం. 1921 నాటి టర్కీ చరిత్ర చదివితే ఆ అభిప్రాయం మార్చుకోక తప్పదు.

ఆ జూలైలో కుతాహ్యా, ఎస్కిషెహిర్‌ల వద్ద గ్రీకు సైన్యం చేతిలో టర్కులు దెబ్బతిన్నారు. ముస్తఫా కమాల్ పాషా ఊళ్ళు వదిలి, సైన్యాన్ని సకార్యా నదికి తూర్పుగా తెప్పించారు. అంకారా సభలో సభ్యులు మండిపడ్డారు. అయినా ఆగస్టు 5న సర్వసేనాధిపత్యం ఆయనకే అప్పగించారు.

వెంటనే ఇంటింటికీ ఉత్తర్వు వెళ్ళింది: ఒక జత లోదుస్తులు, ఒక జత మేజోళ్ళు, ఒక జత చెప్పులు ఇవ్వాలి. వర్తకులు తమ గుడ్డలో, ధాన్యంలో నూటికి 40 వంతులివ్వాలి, డబ్బు తర్వాత! ఆడవాళ్ళు ఎడ్లబండ్ల మీద ఫిరంగి గుండ్లు మోశారు.

ఆగస్టు 23న పోరు మొదలైంది. ఒక గుట్ట పోతే వెనక గుట్ట మీద నిలిచారు. చాల్ దాగ్ కొండ చేజారినా చెదరలేదు. తిండి, మందుగుండు తెచ్చే దారి పొడుగై అలసిన గ్రీకులు సెప్టెంబరు 13 నాటికి నది దాటి వెనుదిరిగారు. మరుసటి ఏడాది టర్కులకు పూర్తి విజయం దక్కింది.

ఆ పోరాట కాలంలో మన దేశంలోనూ ఖిలాఫత్ కమిటీలు అంకారా కోసం చందాలు పోగుచేశాయి. సోదర సోదరీమణులారా, సకార్యాను నిలబెట్టినవాళ్ళలో జత మేజోళ్ళిచ్చిన ఆ పేదిల్లాలినీ లెక్కవేయాలి.