మూడో ఏడు దాటాక: పెంపుడు ఫెర్రెట్ల దీర్ఘరోగాల కథ

ఫెర్రెట్ చూడటానికి మన పొలం గట్ల మీద పరుగెత్తే ముంగిసలా సన్నగా, పొడుగ్గా ఉంటుంది గానీ ముంగిస జాతిది కాదు. కోరింగ మడ అడవుల్లో తిరిగే నీటికుక్కలదీ దీనిదీ ఒకే కుటుంబం. ఐరోపాలోని పోల్‌క్యాట్ అనే అడవి జంతువును మనిషి రెండు వేల ఏళ్ళ కిందటే మచ్చిక చేసుకోగా ఇది తయారైంది. బరువు కిలోకు అటూ ఇటూ, ఆయుష్షు ఆరేడేళ్ళు. అందులో సగం గడిచేసరికి పెంపుడు ఫెర్రెట్లలో, ముఖ్యంగా అమెరికాలో, రెండు దీర్ఘరోగాలు తరచుగా బయటపడతాయి. ఒకటి అడ్రినల్ గ్రంథికి వచ్చేది, రెండోది క్లోమానికి వచ్చేది. ఈ జాతి రాతే అంత, పుట్టుకతోనే బలహీనమైన ప్రాణి అని సరిపెట్టుకునేవారు చాలామంది. చరిత్ర తిరగేస్తే ఆ మాట నిలవదు. ఏ కాలంలో మనిషికి ఫెర్రెట్‌తో ఏ అవసరం పడిందో, ఆ కాలంలో దాని జబ్బుల్లో ఏవి కంటబడ్డాయో, ఏవి మరుగున పడ్డాయో ఆ అవసరమే నిర్ణయించింది. కొన్ని జబ్బులనైతే ఆ అవసరమే తెచ్చిపెట్టింది.

మొదటి అవసరం కుందేళ్ళ వేట. గ్రీకు భూగోళవేత్త స్ట్రాబో స్పెయిన్ గురించి రాస్తూ, కుందేళ్ళ బొరియల్లోకి వదలడానికి అక్కడివాళ్ళు పెంచే ఇలాంటి జంతువులను ప్రస్తావించాడు. బలేరిక్ దీవుల్లో ఇదే పని జరిగేదని రోమన్ రచయిత ప్లీనీ చెప్పాడు. ఆ తర్వాత ఐరోపా పల్లెల్లో శతాబ్దాల పాటు ఫెర్రెట్ బతుకు ఇదే: పెరట్లో చెక్క గూడు, వేట రోజున బొరియ, బొరియ నోటికి కట్టిన వల. 1880లలో న్యూజీలాండ్‌లో కుందేళ్ళు మితిమీరితే అక్కడికీ వీటిని ఓడల్లో పంపారు. పని చేసినన్నాళ్ళూ తిండి పెట్టారు. పని చేయలేనిదాన్ని చంపేశారు, లేదా పట్టించుకోలేదు. ఆ రెండు వేల ఏళ్ళలో దీర్ఘరోగానికి చికిత్స మాట వినబడకపోవడానికి కారణం జబ్బులు లేకపోవడమే అనుకోలేం. జబ్బుపడిన జంతువును బతికించుకునే అవసరం ఎవరికీ లేకపోయింది.

రెండో అవసరం ప్రయోగశాలది. కుక్కల్లో వచ్చే డిస్టెంపర్ అనే జబ్బు ఫెర్రెట్లకు తేలిగ్గా సోకుతుంది. అందుకే 1920లలో లండన్ శివారు మిల్ హిల్‌లో లైడ్‌లా, డంకిన్ అనే శాస్త్రవేత్తలు కుక్కల టీకా కోసం వీటిని వాడుకున్నారు. 1933లో అక్కడే స్మిత్, ఆండ్రూస్, లైడ్‌లా మనుషుల గొంతు కడిగిన నీళ్ళను ఫెర్రెట్ల ముక్కుల్లో వేసి, మనిషి ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌ను మొదటిసారి వేరు చేశారు. ఫ్లూ పట్టిన ఫెర్రెట్ తుమ్మితే ఒక పరిశోధకుడికి ఆ జబ్బు తగిలిన సంగతి 1936లో అచ్చయింది. మనిషి ఫ్లూ చరిత్రలో ఈ జంతువుకు పెద్ద వంతే ఉంది. 1980లలో అమెరికాలోని ఎంఐటీలో జేమ్స్ ఫాక్స్ బృందం ఫెర్రెట్ కడుపులో హెలికోబ్యాక్టర్ జాతి బ్యాక్టీరియాను గుర్తించి, మనిషి కడుపులో పుండ్ల పరిశోధనకు ఒక జంతు నమూనాను అందించింది. ఫెర్రెట్ శరీరం గురించీ జబ్బుల గురించీ ఫాక్స్ సంకలనం చేసిన పెద్ద గ్రంథం 1988లో వచ్చింది. ఈ జంతువుకు వైద్యం చేసేవారికి అది ముఖ్యమైన ఆధారమైంది. కానీ అంతవరకూ పోగైన జ్ఞానంలో ఎక్కువ భాగం ఫెర్రెట్ ద్వారా మనిషి జబ్బులను తెలుసుకోవడానికి పనికొచ్చింది. ప్రయోగశాలలో ముసలి ఫెర్రెట్‌తో పనేముంటుంది? అయిదో ఏట దానికి ఏమవుతుందో చూసేవరకు దాన్ని ఉంచేవారే అరుదు.

మూడో అవసరం తోడు. న్యూయార్క్ రాష్ట్రంలోని నార్త్ రోజ్‌లో 1939లో మొదలైన మార్షల్ ఫామ్స్ వంటి పెద్ద పెంపకశాలలు ప్రయోగశాలలతో పాటు పెంపుడు జంతువుల దుకాణాలకూ పిల్లలను పంపాయి. 1970ల నుంచి అమెరికా ఇళ్ళలో వీటి సంఖ్య పెరిగింది. అయినా చట్టం దృష్టిలో ఇది చాలాకాలం అడవి జంతువుకు సమానమే. ఫెర్రెట్లకు రేబిస్ టీకా 1990లో గానీ ఆమోదం పొందలేదు. కరిచిన కుక్కనో పిల్లినో పది రోజులు కట్టేసి చూస్తే సరిపోయేది. ఫెర్రెట్ కరిస్తే మాత్రం దాన్ని చంపి, మెదడు పరీక్షకు పంపేవారు. దాన్నీ పది రోజులు పరిశీలనలో ఉంచితే చాలని అక్కడి ప్రజారోగ్య పశువైద్యుల మార్గదర్శకాలు 1998లో ఒప్పుకున్నాయి. ఇదేదో చట్టాల పక్కకథ అనిపించవచ్చు. నా ఉద్దేశంలో దీర్ఘరోగ చికిత్సకు అసలు పునాది ఇదే. ఒక్క పంటిగాటుకు ప్రాణం పోయే జంతువుకు ఏళ్ళ తరబడి మందు పోసే ధైర్యం ఏ యజమానికి ఉంటుంది? ఆ మందు నేర్చుకోవాలని ఏ వైద్యుడికి అనిపిస్తుంది?

ఇళ్ళలో నాలుగేళ్ళు, అయిదేళ్ళు బతకడం మొదలయ్యాకే అడ్రినల్ జబ్బు అందరి కంటా పడింది. మొదట తోక మీద జుట్టు పలచబడుతుంది. తర్వాత నడుముకు రెండు పక్కలా ఒకే తీరులో ఊడి, భుజాల దాకా చర్మం బోసిపోతుంది. అండాశయాలు తీసేసిన ఆడదానికి ఎదకు వచ్చినట్టు యోని వాస్తుంది. మగదానికి ప్రోస్టేట్ ఉబ్బి మూత్రం బిగిస్తుంది. అలా బిగిస్తే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదకు వస్తుంది. కుక్కల్లో కనిపించే కుషింగ్స్ జబ్బుకు ఇది పైకి దగ్గరగా ఉండటంతో వైద్యులు మొదట ఆ పరీక్షలే చేశారు, ఆ మందులే ఇచ్చారు. అవి పెద్దగా పనిచేయలేదు. కుషింగ్స్‌లో పెరిగేది కార్టిసాల్. ఇక్కడ పెరిగేవి ఈస్ట్రడయాల్, ఆండ్రోస్టెన్‌డయోన్ వంటి లైంగిక హార్మోన్లు. 1990లలో వీటిని కొలిచే పరీక్ష టెనెసీ విశ్వవిద్యాలయంలో అందుబాటులోకి వచ్చాక జబ్బు నిర్ధారణ దారిలో పడింది. కానీ లైంగిక గ్రంథులు తీసేసిన జంతువులో లైంగిక హార్మోన్లు పొంగడమేమిటి? జవాబు పిండదశలో ఉంది. అడ్రినల్ పైపొర, లైంగిక గ్రంథులు ఒకే కణజాలం నుంచి పుడతాయి. ఆ గ్రంథులు ఉన్నంతకాలం వాటి హార్మోన్లు మెదడుకు ఇక చాలని చెబుతూ ఉంటాయి. వాటిని తీసేస్తే ఆ కట్టడి పోయి, పిట్యూటరీ ఎల్‌హెచ్ అనే హార్మోన్‌ను ఆపకుండా వదులుతుంది. దాన్ని అందుకునే గ్రాహకాలు అడ్రినల్‌లో ఉన్నాయి. ఏళ్ళ తరబడి ఆ తాకిడి తగిలితే గ్రంథి ఉబ్బుతుంది, కొన్నిట్లో కణితిగా మారుతుంది. ఆపరేషన్ జరిగిన వయసుకూ జబ్బు బయటపడిన వయసుకూ నేరుగా పొంతన ఉందని నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్ పశువైద్యులు 2000లో చూపించారు. రెంటి మధ్య ఎడం సుమారు మూడున్నరేళ్ళు. ఏడాది దాటాక ఆపరేషన్ చేస్తే ఆ గడువు ముసలితనంలోకి జరుగుతుంది. అమెరికా పెంపకశాలల్లో ఆరు వారాల పసికూనకే చేసేస్తారు కాబట్టి నడివయసులోనే వచ్చిపడుతుంది.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. ఆపరేషన్ అనవసరపు హింస కాదు. ఎదకు వచ్చిన ఆడ ఫెర్రెట్ మగదానితో కలిస్తేనే అండం విడుదలవుతుంది. కలవకపోతే నెలల తరబడి ఎదలోనే ఉండిపోతుంది. ఆ ఈస్ట్రోజన్ ఎముకల్లోని మూలుగను దెబ్బతీసి, రక్తం పుట్టకుండా చేసి చంపేస్తుంది. అండాశయాలు తీసేయడం వల్లే ఎన్నో ప్రాణాలు నిలిచాయన్నది నిజం. కానీ ఈ వాదనతో ఆరు వారాల వయసును సమర్థించలేం. ఆడవి ఎదకు వచ్చేది పుట్టిన మరుసటి వసంతంలో. అప్పటిదాకా ఆగకుండా పసికూనకు కత్తి పెట్టడానికి కారణం, దుకాణానికి పంపేలోపే పని ముగించాలన్న వ్యాపార సౌలభ్యం. మార్షల్ ఫామ్స్ పిల్లల కుడి చెవిలో రెండు నీలి చుక్కలు పొడుస్తారు. ఆపరేషన్ అయిందనీ వాసన గ్రంథులు తీసేశారనీ దాని అర్థం. ఇంకో అభ్యంతరం: పాతకాలపు వేట ఫెర్రెట్లు తొందరగా చనిపోయేవి, అందుకే ఈ జబ్బు కనపడలేదు, అంతేగానీ కొత్తగా పుట్టలేదు. ఇందులో కొంత నిజముంది. కానీ జబ్బుకు కారణం కేవలం వయసే అయితే ఆపరేషన్ తేదీని బట్టి అది ముందుకూ వెనక్కూ జరగకూడదు. యూట్రెక్ట్ లెక్క ఇక్కడే నిర్ణాయకం. వంశపారంపర్యం, ఇంట్లో రాత్రి పొద్దుపోయేదాకా వెలిగే దీపాలు కూడా కారణాలు కావచ్చు. అయినా ఆ రెండూ మనిషి పెంపకం నుంచి వచ్చినవే.

చికిత్స మొదట కత్తితోనే సాగింది. ఎడమ గ్రంథిని తీయడం తేలిక. కుడిది శరీరంలోని పెద్ద సిరకు అతుక్కుని ఉంటుంది. కిలో బరువున్న జంతువులో ఆ సిర తెగితే ప్రాణానికే ముప్పు. కారణం ఎల్‌హెచ్ అని తేలాక దారి మారింది. ఆ హార్మోన్‌ను మెదడు దగ్గరే అణిచే ల్యూప్రొలైడ్ ఇంజెక్షన్లు, ఆ తర్వాత చర్మం కింద అమర్చే 4.7 మిల్లీగ్రాముల డెస్లొరెలిన్ గుళిక వచ్చాయి. అమెరికాలో ఈ గుళికను ఫెర్రెట్లకు వాడేందుకు 2012లో చట్టబద్ధత దొరికింది. ఒక్క గుళిక దాదాపు ఏడాది పనిచేస్తుంది. జుట్టు తిరిగి మొలుస్తుంది, వాపు దిగుతుంది. కణితి మాత్రం ఉన్నచోటే ఉంటుంది. జబ్బును పెకలించడం నుంచి జబ్బుతో కాపురం చేయించడానికి వైద్యం మళ్ళిన మలుపు ఇదే. దీన్ని ఓటమి అనేవారితో నేను ఏకీభవించను. ముసలి జంతువుకు ఏడాది పాటు ఒళ్ళు కుదుటపడటం అంటే మన లెక్కలో పదేళ్ళకు తక్కువేమీ కాదు.

క్లోమానికి వచ్చే ఇన్సులినోమా చరిత్ర ఇంత తేటగా లేదు. ఇది మధుమేహానికి తలకిందులు. చిన్న కణితులు ఇన్సులిన్‌ను ఇష్టం వచ్చినట్టు వదిలి, రక్తంలో చక్కెరను పడేస్తాయి. నిద్ర లేచిన ఫెర్రెట్ ఎటో చూస్తూ నిలబడిపోతుంది. వెనక కాళ్ళు ఈడుస్తుంది. నోట్లో ఏదో ఇరుక్కున్నట్టు ముందుకాళ్ళతో మూతి గీరుకుంటుంది, చొంగ కారుస్తుంది. ముదిరితే మూర్ఛ. షుగర్ మందు వేసుకుని వేళకు తినని మనిషి కళ్ళు తిరిగి పడిపోవడం చూసిన ఇళ్ళవారికి ఈ దృశ్యం కొత్త కాదు. అప్పటికప్పుడు చిగుళ్ళకు కాస్త తేనె రాయాలి. మూర్ఛలో ఉంటే నోట్లో వేలు పెట్టకూడదు, ఏదీ పోయకూడదు. తేరుకోగానే మాంసపు ఆహారం పెట్టాలి. ఒట్టి తీపితో వదిలేస్తే ఆ తీపే మరింత ఇన్సులిన్‌ను రప్పిస్తుంది. రోజూ రెండు పూటలా ప్రెడ్నిసొలోన్, అది చాలకపోతే ఇన్సులిన్ విడుదలను ఆపే డయజాక్సైడ్, మూడు నాలుగు గంటలకోసారి తిండి, ఇదే నిత్యకృత్యం. శస్త్రచికిత్సతో కణితులు తీసినా కంటికి ఆననివి మిగిలి మళ్ళీ పెరగడం మామూలే. పిండిపదార్థాలు ఎక్కువున్న గుళికల మేతే కారణమని చాలామంది పెంపకందారులు గట్టిగా నమ్ముతారు. మాంసాహారి పేగుకు ధాన్యం సరిపడదన్నది న్యాయమైన మాటే. అయితే బ్రిటన్ వేటగాళ్ళు పూర్వం వీటికి పాలలో నానబెట్టిన రొట్టె పెట్టేవారు. కాబట్టి పిండి తిండి నిన్నటిది కాదు. కొత్తగా వచ్చింది, ఆ తిండి మీద అన్నేళ్ళు బతకడం. మేత మీద నేరం ఇంకా రుజువు కాలేదు. అయినా మాంసం పాళ్ళు పెంచితే పోయేదేమీ లేదు కాబట్టి రుజువు కోసం ఆగనక్కర్లేదు.

ఇంత చిన్న ఆయుష్షున్న జంతువును మందులతో లాక్కురావడం దాని కోసమా, యజమాని తృప్తి కోసమా అని అడిగేవారున్నారు. తినడం మానేసి, మందుకు లొంగని మూర్ఛలతో తల్లడిల్లే ఫెర్రెట్‌కు నొప్పి లేని మరణం ఇవ్వడమే సరైన వైద్యం. దాంట్లో నాకు సందేహం లేదు. కానీ ఆ ప్రశ్న యజమాని దగ్గరికి చేరేసరికి అసలు నిర్ణయం ఎప్పుడో వేరేచోట జరిగిపోయి ఉంటుంది. నెదర్లాండ్స్ వైద్యులు కత్తికి బదులు మొదటే డెస్లొరెలిన్ గుళిక పెట్టడాన్ని సూచిస్తున్నారు. ఎద ఆగుతుంది, రక్తహీనత రాదు, అడ్రినల్ మీద ఎల్‌హెచ్ దాడీ ఉండదు. అమెరికా దుకాణంలో చెవి చుక్కలతో దొరికే పిల్ల విషయంలో కొనేవారికి ఆ ఎంపిక లేదు. వారికి మిగిలేది నాలుగో ఏట మొదలయ్యే ఖర్చు. పసికూనకు కత్తి పెట్టి అమ్మే సంస్థలు ఆ పద్ధతి మానుకునేంతవరకు, జబ్బు రాకముందే పెట్టాల్సిన మొదటి గుళిక ఖర్చు అమ్మకపు ధరలోనే కలిపి, ఆ బాధ్యత అమ్మినవారే మోయాలి.