ఏ కుటుంబం చరిత్ర?

కుటుంబ పరిశ్రమల గురించి రాసేటప్పుడు "కుటుంబం" అనే మాటను మనం పరీక్షించకుండానే వాడుతున్నాం. ఆ మాట వెనుక ఒకచోట పెట్టుబడి ఉంటుంది, మరొకచోట శ్రమ ఉంటుంది. ఈ రెండూ ఒకటి కావని గ్రహించడానికి నాకు చాలాకాలం పట్టింది.

గడియారాల చరిత్రనే తీసుకుందాం. జర్మనీలోని బ్లాక్ ఫారెస్ట్ కొండల్లో 18వ శతాబ్దంలో చిన్న కమతాలవాళ్లు ఇళ్లలోనే కొయ్య గడియారాలు చేసేవారు. ఒక ఇంట్లో చట్రం, ఒక ఇంట్లో పళ్లచక్రాలు, మరో ఇంట్లో రంగుల ముఖఫలకం తయారయ్యేవి. వాటిని వీపున మోసుకొని దేశాలు తిరిగి అమ్మేవాళ్లు వేరు. అమెరికాలో యంత్రాల మీద తయారైన చవక గడియారాలు పోటీకి వచ్చేసరికి ఈ ఇంటిపని తట్టుకోలేకపోయింది. 1850లో ఫుర్ట్‌వాంగెన్‌లో ప్రభుత్వం గడియార పాఠశాల పెట్టింది. ఆ ఏడాది జరిగిన నమూనాల పోటీకి ఫ్రీడ్రిష్ ఐజెన్‌లోర్ అనే వాస్తుశిల్పి రైలుమార్గం కాపలాదారు ఇంటి ఆకారంలో ఒక నమూనా గీసి పంపాడు. తర్వాతి కోకిల గడియారాలకు అదే మూలరూపమైంది. 1861లో ష్రాంబెర్గ్‌లో యుంగ్‌హాన్స్ కుటుంబం కర్మాగారం స్థాపించింది. 1903 నాటికి అది 3,000 మందికి పైగా కార్మికులతో ప్రపంచంలోకెల్లా పెద్ద గడియార సంస్థ. చరిత్రలో నిలిచినవి వాస్తుశిల్పి పేరు, యజమాని ఇంటిపేరు. ఆ మూడువేల ఇళ్ల పేర్లు గడియారం ముఖం మీదికి ఎక్కలేదు.

ఇక మన దగ్గరకు వద్దాం. కరీంనగర్ టవర్ సర్కిల్‌లో గడియార స్తంభం కింద నిలబడి టైము చూసుకునే మనం, ఈ ఊరికి పేరు తెచ్చిన మరో సూక్ష్మమైన పని గురించి ఎంత ఆలోచించాం? అది వెండి తీగపని. దాని పుట్టిల్లు మానేరు ఒడ్డున ఉన్న ఎల్గందుల. వెండిని కరిగించి, కమ్మచ్చు బెజ్జాల గుండా లాగి వెంట్రుకంత సన్నని తీగ తీస్తారు. రెండు తీగలు మెలిపెట్టి, అణచి, చుట్టలుగా వంచి, మందపాటి తీగతో చేసిన చట్రంలో ఇముడ్చుతారు. వెలిగారం, టంకం వేసి మంటతో అతుకుతారు. అత్తరుదానులు, పన్నీరుబుడ్లు, పాన్‌దానులు ఇలా తయారై నవాబుల ఇళ్లకు చేరాయి.

చాలా ఏళ్ల కిందట నేనొక వ్యాసంలో దీన్ని "వంశపారంపర్య కళ" అని మెచ్చుకున్నాను. మా బడిలో చదివే పిల్లవాడి తండ్రి ఈ పనిచేసేవాడు. వ్యాసం చదివి వినిపించి, "నీ పేరు వస్తువు మీద ఎందుకు వేసుకోవు?" అని అడిగాను. ఆయన నవ్వి, "పేరు ఎవలు అడుగుతరు సారూ? తూకం సరిపోతే సాలు" అన్నాడు. షావుకారు వెండి తూచి ఇస్తాడు, వస్తువు తూచి తీసుకుంటాడు. తరుగు ఎక్కువైతే మజూరీలో కోత. నేను వంశమన్నది ఆయనకు తూకం. కొడుక్కి ఈ పని నేర్పనని కూడా చెప్పాడు. నా వ్యాసంలో కళ ఉంది, షావుకారు లేడు.

కరీంనగర్ తీగపనికి 2007లో భౌగోళిక గుర్తింపు దక్కింది. సంతోషమే. అయితే అది ఊరి పేరును కాపాడుతుంది. తూకం పట్టే చెయ్యి ఎవరిదో అడగదు.

పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలోని నిర్మల్‌లో మరో దారి కనిపిస్తుంది. పొనికి చెక్కతో బొమ్మలు చేసే నకాషీ కుటుంబాలవాళ్లు 1955లో సహకార సంఘంగా ఏర్పడ్డారు. సహకార సంఘం సర్వరోగనివారిణి కాదు. చెక్క కొరత ఆ సంఘాన్నీ పీడించింది. అయినా అక్కడ "కుటుంబం" అన్న మాటకు మూడో అర్థం పుట్టింది. పనిచేసే ఇళ్లు తమ సరుకు గురించి తామే మాట్లాడుకునే చోటు అది.

చేతిపనుల చరిత్ర రాయబోయే యువ రచయితలకు, విద్యార్థులకు నా మనవి ఒక్కటే. ఎన్ని తరాలుగా సాగుతోందని లెక్కించే ముందు కొన్ని ప్రశ్నలు వేయండి. పనిముట్టు ఎవరిది? ముడిసరుకు ఎవరిది? తరుగు ఎవరి మీద పడుతుంది? వీటికి జవాబు రాబట్టని చరిత్ర ఎంత అందంగా ఉన్నా అది షావుకారు త్రాసే. నా పాత వ్యాసాన్ని నేను అందులోనే వేస్తున్నాను.